గాదె చెంత రెండు ఆర్థిక వ్యవస్థలు



ఏ మహనీయుని స్మృతిని నిలుపుటకై ఈ ధర్మనిధి ఏర్పడినదో, కీర్తిశేషులైన ఆ ఆచార్యుల శిష్యకోటిలో నేనును ఒకడనగుట నా భాగ్యము. వారి పేరిట జరుగు ఈ ఉపన్యాసమును నిర్వహింపుమని ధర్మకర్తలు నన్ను ఆదేశించినప్పుడు, నా శక్తిని గాక వారియెడ నాకు గల ఋణమును తలచుకొని సమ్మతించితిని. అర్థశాస్త్ర బోధనలో వారికొక నియమముండెడిది. ఏ సిద్ధాంతమును వివరించినను, ఏ మహాగ్రంథమును విప్పినను, పాఠము ముగియులోపల ఒక ప్రశ్న అడుగక విద్యార్థులను విడిచెడివారు కారు: ఈ సిద్ధాంతము ప్రకారము, పంట పోయిన యేట, భూమిలేని కూలివానికి అన్నము ఏ మార్గమున చేరును? పెట్టుబడిదారీ విధానమును సామ్యవాదమును పోల్చి పరిశీలింపవలసినదిగా నాకు ఒసగిన విషయమును నేడు ఆ ఒక్క ప్రశ్నకు కట్టుబడి విచారింపదలచితిని.

ఉత్పత్తి సాధనములు వ్యక్తుల సొత్తై, లాభాపేక్ష ప్రేరకమై, ధరల హెచ్చుతగ్గులే మార్గదర్శకములై నడచునది పెట్టుబడిదారీ విధానమనియు, ఆ సాధనములు సమాజము పక్షమున రాజ్యమునకు వశమై, జనుల అవసరములను ముందుగా లెక్కించి, ప్రణాళిక ననుసరించి నడచునది సామ్యవాదమనియు స్థూలముగ చెప్పుకొనవచ్చును. 1776లో ఆడమ్ స్మిత్ మొదటిదానికి శాస్త్రరూపము నొసగెను. 1867లో వెలువడిన తన మహాగ్రంథపు ప్రథమ సంపుటమున కార్ల్ మార్క్స్ దాని గర్భమునందలి వైరుధ్యములను విప్పి చూపెను. ఈ నిర్వచనములు మీకందరికి తెలిసినవే గనుక వానియొద్ద నిలువను. ఉక్కు ఉత్పత్తితో, విద్యుచ్ఛక్తితో, తలసరి ఆదాయముతో ఈ రెండు వ్యవస్థలను తూచిన గ్రంథములు కొల్లలుగ కలవు. నేను ధాన్యమునే గ్రహించుటకు కారణమేమనగా, ఉక్కు కొరవడిన దేశము పదియేండ్లు ఓర్చుకొనగలదు గాని, అన్నము కొరవడిన మనిషి రెండు నెలలు ఓర్చుకొనలేడు. తక్కిన వస్తువుల విషయమున చిరకాలము మరుగున ఉండగల లోపములు ధాన్యము విషయమున ఒక్క యేటనే బయటపడును.

ధర చేయు మహోపకారమును ముందుగా ఒప్పుకొనవలయును. ఒక ప్రాంతమున వరి తెగులు తగిలి పంట తగ్గినదనుకొనుడు. ఆ వార్తను ఎవరును చాటింపు వేయనక్కరలేదు. అచ్చటి అంగడిలో బస్తాకు నాలుగు రూపాయలు హెచ్చిన మరునాడే తాడేపల్లిగూడెపు వర్తకుడు బియ్యపు బస్తాలను ఆ వైపునకు ఎగుమతి చేయును. ఆ హెచ్చుధరను చూచి గృహస్థు కొంత పొదుపు పాటించును. రైతు మరుసటి సాగుకు ఒక మడి అధికముగ దున్నును. తెగులు ఎచ్చట తగిలెనో వీరిలో ఎవరికిని తెలియదు, తెలియనక్కరలేదు. హయెక్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు 1945లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున తగరము నుదాహరణముగ తీసికొని ఈ తత్త్వమునే నిరూపించెను: కోటానుకోట్ల మనుజుల మనస్సులలో తునాతునకలై చెదరియున్న జ్ఞానమును ఏ కార్యాలయమును ఒకచోట చేర్చలేదనియు, ధర దానిని క్లుప్తముగ అందరికిని చేరవేయుచున్నదనియు ఆయన వాదము. ఆ వాదమును ఖండింపబూనినవారిలో దానిని సమూలముగ ఖండింపగలిగినవారిని నేను చదువలేదు.

అయితే ఆ ధర తెలుగుదేశముననే ఏమి చేసెనో చూడుడు. 1832–33లో, నందన నామ సంవత్సరమున, వానలు తప్పి గుంటూరు మండలమున వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువని పిలిచిరి. మండలపు జనములో సుమారు మూడవవంతు నశించిరి. ధాన్యపు వర్తకమున ప్రభుత్వము చేయిపెట్టరాదను సిద్ధాంతము అప్పటికే కంపెనీ దొరలకు శాస్త్రప్రమాణమై యుండెను. ధర పెరిగినచో వర్తకులే ధాన్యము తెత్తురని వారు నమ్మిరి. కాని ధర పెరుగవలెనన్న కొనువాని చేతిలో సొమ్ముండవలెను గదా! పొలము ఎండినప్పుడు కూలివానికి ధాన్యము మాత్రమే కాదు, ధాన్యము కొనుటకు కావలసిన కూలియు ఒక్కమారే పోవును. వాని ఆకలి ఎంత గొప్పదైనను అది అంగడిలో వినిపింపదు. ఈ కరువు గడచిన పిదప, 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట మొదలిడి 1852 నాటికి పూర్తిచేసెను. 1855 నాటికి కృష్ణపై బెజవాడ ఆనకట్టయు ముగిసెను. ఈ రెండును రాజధనముతో కట్టినవి. ఏ వర్తకుడును లాభము నెంచి ఆ పనికి పూనుకొనలేదు. ఉభయ గోదావరుల అన్నపురాశులను చూచి స్వేచ్ఛావర్తకమును కొనియాడువారు ఈ విషయమును మరువరాదు.

డొక్కల కరువు మొదలైన నలువది నాలుగేండ్లకు ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు బళ్ళారి, కర్నూలు, కడప మండలములు మలమల మాడిపోయినవి. మద్రాసు ప్రభుత్వము మొదట కొంత ధాన్యమును తానే కొని నిలువచేయగా, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము అది వర్తకులను జంకించు పనియని మందలించెను. రిచర్డ్ టెంపుల్ అను దొర 1877 ఆరంభమున వచ్చి, కరువుపనులు చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. పలుగు పట్టి నేల త్రవ్వు మనిషికి అంతటి కూడు ప్రాణము నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వైద్యుడు లెక్కలు చూపి నిరసించినను, ఆ కూలిని కొంత పెంచునాటికి నెలలు గడచినవి. అప్పటికే ఇనుపదారి పడియున్నది. ధాన్యపు బస్తాలు దానిపై కదలుచునే ఉండెను. దేశమునుండి విదేశములకు గోధుమ ఎగుమతియు ఆగలేదు. ఇచ్చట ధాన్యమును కదలించు యంత్రమున లోపము లేదు. అది ఎవరి పిలుపునకు కదలవలెనో ఆ పిలుపు మాత్రము సొమ్ము రూపమున తప్ప మరియొక రూపమున దానికి చేరదు.

1943 నాటి వంగదేశమున ఇదియే మరింత స్పష్టముగ కానవచ్చెను. 1942 డిసెంబరులో కలకత్తాలో మణుగు 13, 14 రూపాయలున్న బియ్యము, మార్చి నెలలో ధరల అదుపు ఎత్తివేసిన పిదప, మే నెలకు 30 రూపాయలు దాటెను. ఆ సంవత్సరము వంగదేశమున లభ్యమైన ధాన్యము 1941లో లభ్యమైనదానికన్న తక్కువ కాదని, ఆ 1941లో కరువే లేదని, అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున లెక్కకట్టి చూపెను. యుద్ధపు పనులలో సొమ్ము సంపాదించువారును, కలకత్తా కర్మాగారములలో చౌకధరలకు బియ్యము పొందువారును బ్రదికిరి. జాలరులు, పడవవాండ్రు, వడ్లు దంచి జీవించు స్త్రీలు, వ్యవసాయపు కూలీలు లక్షలసంఖ్యలో చనిపోయిరి. చనిపోయినవారు 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘము చెప్పగా, తరువాతి పండితుల అంచనా 30 లక్షలవరకు పోయినది. గాదెలలో ధాన్యము కలదు. వీధిలో మనిషి కలడు. ఆ రెంటి నడుమ ఒక ధర నిలిచినది.

పేదదేశమునకే గాక పెట్టుబడిదారీ విధానమునకు పట్టుగొమ్మయైన అమెరికాకును ఈ దోషము తప్పలేదు. 1933 నాటికి అచ్చట పనిచేయదగినవారిలో నాలుగవవంతు నిరుద్యోగులై గంజికేంద్రముల ముందు వరుసలు తీరియుండగా, ధరలు పడిపోయి దివాలా తీయుచున్న రైతును నిలబెట్టుటకై ప్రభుత్వమే సొమ్ము చెల్లించి సుమారు కోటి ఎకరముల ప్రత్తిని పెరుగుచుండగనే దున్నించివైచెను. సుమారు 60 లక్షల పందులను చంపించెను. బ్రెజిలు దేశము 1931 మొదలు 1944 వరకు 7 కోట్ల 80 లక్షల బస్తాల కాఫీగింజలను తగులబెట్టెను. అమెరికాలో ఆ పందుల మాంసములో కొంత పేదలకు పంచిరనుటయు సత్యమే; ఆ చర్య నడిపినవారు క్రూరులు కారనుటయు సత్యమే. సమృద్ధియే విపత్తుగ పరిణమించిన వ్యవస్థలో, రైతును రక్షింపవలెనన్నచో పంటను నాశనము చేయుట తప్ప వారికి తక్షణోపాయము తోచలేదు. ఆ దినములలో యువకులైనవారు, మన దేశమునను విదేశములయందును, వేలకు వేలు సామ్యవాదమువైపు మరలుటలో ఆశ్చర్యమేమి?

సామ్యవాదము పుట్టుటయే ఈ అన్యాయమునకు సమాధానముగ పుట్టినది. ఆకలి గలవాని అవసరమే లెక్కగాని వాని చేతిలోని సొమ్ము లెక్కకాదని అది ప్రతిజ్ఞ పట్టినది. ఆ ప్రతిజ్ఞ ఉదాత్తమైనది. దానికొరకు చెరసాలలలో మగ్గినవారిని, ప్రాణములర్పించినవారిని మన తెలంగాణము మొదలు ప్రతి దేశమును ఎరుగును. ఆ త్యాగములను తేలికగ మాటాడువారితో నాకు పొత్తు లేదు. ఆ గౌరవమును మనస్సున ఉంచుకొనియే, ఆ ప్రతిజ్ఞ గాదెవరకు నడచివచ్చిన దారిని చూడవలసియున్నది.

1918 మొదలు 1921 వరకు రష్యాలో అంతర్యుద్ధము సాగుచుండగా, నగరములకును సేనలకును తిండి పెట్టుటకై సాయుధదళములు గ్రామములకు వెళ్ళి రైతు మిగులుధాన్యమును బలవంతముగ తీసికొనెడివి. మిగులెంతయో నిర్ణయించువాడు రైతు గాడు. రైతు విత్తుటయే తగ్గించెను, వానలును తప్పెను, 1921–22లో వోల్గా తీరమున ఘోరమైన కరువు వచ్చెను. లెనిన్ గొప్పతనమేమనగా, 1921 మార్చిలోనే పార్టీ మహాసభలో దారి మార్చెను. బలవంతపు సేకరణను మాని ధాన్యరూపమున నిర్ణీతమైన పన్ను విధించి, మిగిలినది రైతు అమ్ముకొనవచ్చునని అనుమతించెను. దీనినే నూతన ఆర్థిక విధానమనిరి. నాలుగైదేండ్లలో పొలములు కోలుకొనినవి. అయితే, కర్మాగారపు వస్తువుల ధరలు పైకిని, ధాన్యపు ధరలు క్రిందికిని పోయి, 1923 నాటికే వాని నడుమ అంతరము మిక్కిలి పెరిగెను. అగ్గిపెట్టెలు, గుడ్డలు, మేకులు దొరకనప్పుడు రైతు ధాన్యమును ఎందుల కమ్మవలయును? 1927–28 నాటికి ప్రభుత్వపు సేకరణ కుంటుపడెను.

అప్పుడు రష్యాలో జరిగిన చర్చ, నా అభిప్రాయమున, ఇరువదవ శతాబ్దపు ఆర్థిక చర్చలలో మిక్కిలి గంభీరమైనది. రైతునుండి పిండుకొననిదే పరిశ్రమకు మూలధనము రాదని ప్రెయొబ్రజెన్‌స్కీయు, రైతు బాగుపడిననే పరిశ్రమ నిలుచునని బుఖారినును వాదించిరి. వాదముచేత అది తేలలేదు. 1928 జనవరిలో స్టాలిన్ స్వయముగ సైబీరియాకు వెళ్ళి ధాన్యమును బలవంతముగ రాబట్టించెను. 1929 చివర సమష్టి క్షేత్రముల నిర్మాణము దేశమంతట బలవంతముగ మొదలయ్యెను. చర్చించిన ఆ ఇరువురును తరువాత అదే రాజ్యముచే మరణశిక్ష పొందిరి. తమ పశువులను క్షేత్రమునకు అప్పగించుటకంటె కోసికొని తినుటయే మేలని రైతులు తలచుటచేతను, మేతలేకయు, దేశమునందలి గుఱ్ఱముల సంఖ్య నాలుగేండ్లలో సగమునకు పడిపోయెను. దున్నుటకు గుఱ్ఱము లేదు. దానికి బదులు రావలసిన ట్రాక్టరు ఇంకను చాలినంత రాలేదు.

1932–33లో ఉక్రేను, కజకస్థాను, ఉత్తర కాకససు ప్రాంతములలో లక్షలాది జనులు, మొత్తముమీద కొన్ని పదుల లక్షలమంది, ఆకలిచే మరణించిరి. 1931లో స్టాలిన్ రాజ్యము సుమారు 50 లక్షల టన్నుల ధాన్యమును యంత్రముల కొరకై విదేశములకు అమ్మియుండెను. కరువు కనిపించిన 1932లో ఎగుమతి తగ్గినను నిలిచిపోలేదు. ఆ ఆగస్టు 7వ తేదీన వచ్చిన శాసనము సమష్టి సొత్తును దొంగిలించువారికి మరణశిక్ష విధింపవచ్చుననెను. కోతకోసిన పొలమున రాలిన వెన్నులను ఏరుకొనినవారు కూడ దాని క్రింద శిక్షలు పొందిరి. తిండికై ఊరు విడిచి పోవు రైతులను 1933 జనవరిలో దారిలోనే ఆపి వెనుకకు మరలించిరి. పరిగె ఏరుకొనుటను మన దేశమున భూస్వాములు సాధారణముగ నేరముగ పరిగణింపలేదు. అది పేదల హక్కుగనే వచ్చినది. శ్రామికుల పేర ఏర్పడిన రాజ్యము దానిని నేరముగ చేసెననుట నన్ను ఎప్పటికిని కలచివేయు విషయము.

దీనికంటె నన్ను ఆలోచింపజేసినది అదే రాజ్యపు 1937 నాటి జనాభా లెక్క. ఆ లెక్కలో దేశజనాభా 16 కోట్ల 20 లక్షలుగ తేలెను. నాయకులు ప్రకటించి యుండిన సంఖ్యకు ఇది ఎంతయో తక్కువ. తగ్గినవారెక్కడకు పోయిరని విచారించుటకు బదులు ఆ లెక్కలనే అణచివైచి, లెక్కించిన అధికారులను నిర్బంధించిరి. ప్రణాళికకు ప్రాణము లెక్క. ధర లేనిచోట ఏ గ్రామమున ఎంత పండెనో, ఎందరు బ్రదికియుండిరో తెలుపునది లెక్క ఒక్కటియే. ఆ లెక్క చెప్పినవానికి శిక్ష పడుచో, మరుసటి యేడు క్రిందనుండి పైకి వచ్చునవి పైవారికి ఇష్టమగు సంఖ్యలే యగును.

చైనాలో 1958 మొదలు ఇది ఇంకను విస్తృతముగ జరిగెను. కమ్యూనులనబడు సమష్టి గ్రామసంఘముల అధికారులు ఒకరిని మించి ఒకరు పంట పెరిగినదని నివేదికలు పంపిరి. ఆ నివేదికలను నమ్మి రాజ్యము ఆ ప్రకారమే ధాన్యమును తీసికొనెను. లేని మిగులును ఇచ్చివైచిన గ్రామములలో గింజ మిగులలేదు. 1959లో రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ ఈ విషయమును లూషన్ సమావేశమున మావోకు విన్నవింపగా ఆయనను పదవినుండి తొలగించిరి. అటుపిమ్మట నోరు మెదపువారు లేకపోయిరి. ఆ కరువు యేండ్లలో చనిపోయినవారు ఒకటిన్నర కోటినుండి నాలుగున్నర కోట్లవరకు ఉందురని పండితుల అంచనాలు. మానవచరిత్రలో ఇంతటి కరువు మరియొకటి కానరాదు.

అదే దేశమున అన్హుయ్ రాష్ట్రపు షియావ్‌గాంగ్ అను కుగ్రామమున 1978 చలికాలమున జరిగిన కథ మీకు చెప్పవలయును. పదునెనిమిది మంది రైతులు రహస్యముగ ఒక యింట చేరి, కమ్యూను భూమిని కుటుంబముల వారీగ పంచుకొని సాగుచేయుటకు, రాజ్యమునకు చెల్లింపవలసిన ధాన్యమును చెల్లించి మిగిలినది ఎవరిది వారుంచుకొనుటకు, కాగితముమీద వ్రాసికొని వ్రేలిముద్రలు వైచిరి. ఆ ఒడంబడికలో మరియొక షరతును కలదు: ఇందువలన తమ పెద్దలు చెరసాల పాలైనచో, వారి బిడ్డలను పదునెనిమిదేండ్లు నిండువరకు మిగిలినవారు పెంచవలెను. తన పొలము తాను దున్నుకొనుటకు ఒక రైతు బిడ్డల పోషణకు జామీను తీసికొనవలసివచ్చినదని తలచుకొనినచో, ఆ వ్యవస్థ ఏమయ్యెనో వేరుగ చెప్పనక్కరలేదు. మరుసటి యేటి పంట వారి అంతకుముందటి పంటలను ఎంతయో మించినది. కొలది యేండ్లలో ప్రభుత్వమే ఆ పద్ధతిని దేశమంతటికిని అనుమతించెను.

పండితలోకమున సామ్యవాదముపై జరిగిన వాదము వేరొక తావున జరిగినది. 1920లో మీజెస్ అను అర్థశాస్త్రవేత్త, ఉత్పత్తి సాధనములకు విపణి లేనిచోట ధర లేదనియు, ధర లేనిచోట ఏ పనికి ఎంత వ్యయమగునో గణింపజాలమనియు వాదించెను. 1936–37లో పోలండు పండితుడు ఆస్కార్ లాంగే, ప్రణాళికా సంఘమే ధరలను నిర్ణయించి, కొరతయో మిగులో కనిపించినకొలది సవరించవచ్చునని బదులు చెప్పెను. ఇది బుద్ధికుశలత గల వాదము. నేనును విద్యార్థిదశలో దానిని ఆసక్తితో చదివితిని. కాని లాంగే సంఘమునకు నిజమైన సమాచారము వచ్చుచుండునని భావించెను. అది ఎందుచేత రాదో ఆ గణితములో లేదు. ప్రణాళిక టన్నులలో నిర్ణయించుటచేత దీపపు గుత్తులను వలసినదానికంటె బరువుగ తయారుచేయుచున్నారని రష్యా నాయకుడు క్రుశ్చెవ్ బహిరంగముగ చెప్పుకొనెను. ఇట్టి లోపము దీపపు గుత్తిలో ఉన్నంతవరకు అది లోహమును వ్యర్థము చేయును. ధాన్యమున చేరినప్పుడు ప్రాణములను తీయును. సమష్టి క్షేత్రముల దేశమున రైతులకు మిగిల్చిన పెరటి మడులు, సాగుభూమిలో నూటికి సుమారు 3 వంతులే యైనను, 1960, 1970 దశకములలో వ్యవసాయోత్పత్తి విలువలో నాలుగవవంతువరకు సమకూర్చుచుండెననుట కూడ గమనింపదగినది. 1963లో ఆ దేశము కెనడానుండి గోధుమ కొనవలసివచ్చెను.

నేను ఒక పక్షమునకే దోషము నంటగట్టుచున్నానని ఎవరైనను తలచుదురేమో. చదువురాని రష్యా ఒక తరములో అక్షరాస్యమగుట, వైద్యము గ్రామములకు చేరుట, స్త్రీలు కళాశాలలకు పోవుట, యుద్ధమున హిట్లరు సేనను వెనుకకు త్రోయుటకు చాలిన పరిశ్రమ నెలకొనుట, ఇవన్నియు సత్యములే. పెట్టుబడిదారీ దేశములును సామ్యవాదపు భయముచేతనే కొంత, ఎన్నికల ఒత్తిడిచేత కొంత, మారినవి. 1936లో కెయిన్స్ నిరుద్యోగము తనంతట తాను తీరదని నిరూపించిన పిదప, 1942లో బెవరిడ్జి నివేదిక సామాజిక భద్రతను ప్రతిపాదించిన పిదప, ఇంగ్లండున ఆకలి అంగడి పనిగ మాత్రమే మిగులలేదు. ఈ మార్పులు రెండు వ్యవస్థలలోను ఒకే దిక్కునకు నడచినవని నా నిశ్చయము: ధాన్యము ఉన్నవాడు, సొమ్మును అధికారమును లేనివాని మాట వినవలసిన ఏర్పాటు ఎంత పటిష్ఠమైనదో, ఆ మేరకే ఆ వ్యవస్థలో ప్రాణములు నిలిచినవి. సొత్తు ఎవరిదను ప్రశ్న ముఖ్యమే. కాని దానికంటె ముఖ్యమైనది, ఆకలి గలవాని కేక గాదె తాళపుచెవి గలవానిని నిర్బంధింపగలదా అనునది.

మన దేశపు అనుభవము ఇందులకే ఉపకరించును. మనము ఈ రెండు వ్యవస్థలలో దేనిని పూర్తిగ అంగీకరింపలేదు. 1944లో టాటా, బిర్లా మొదలగు పారిశ్రామికులే రాజ్యము ప్రణాళిక వేయవలెనని కోరిరి. 1955 జనవరిలో కాంగ్రెసు ఆవడి సభలో సామ్యవాద తరహా సమాజమును లక్ష్యముగ తీర్మానించెను. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు మహలనోబిస్ రూపురేఖలు దిద్దెను. ధాన్యమును మాత్రము రైతుచేతనే ఉంచితిమి, అదియే మన పుణ్యము. 1965 జనవరిలో భారత ఆహార సంస్థ ఏర్పడెను. అదే సంవత్సరము రైతుకు కనీస ధర సూచించు సంఘమును నియమించిరి. 1966లో అమెరికా గోధుమనౌకలకై ఎదురుచూచిన దేశము, పదేండ్లు తిరుగకమునుపే తన గింజలతోనే తాను నిలువగలిగెను. 1983లో మన రాష్ట్రమున కిలో రెండు రూపాయల బియ్యము మొదలైనప్పుడు అది దండుగ వ్యయమని అర్థశాస్త్రవేత్తలు పలువురు తలయూచిరి. కూలివాని ఇంట రెండవపూట పొయ్యి వెలిగినది ఆ దండుగ వ్యయము వలననే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప భారతదేశమున వంగదేశపు కరువువంటిది మరల రాలేదు. పత్రికలు వ్రాయును, ప్రతిపక్షము సభలో అడుగును, ఎన్నికలు సమీపించును. పాలకుడు ఊరకుండజాలడని సేన్ చెప్పిన కారణము సరియైనదే. కాని ఆ సేన్, జ్యాఁ ద్రేజ్‌తో కలిసి 1989లో ప్రకటించిన గ్రంథమున మరియొక లెక్కయు చూపెను. కరువు అని పేరుపడని నిత్యపు పస్తులచేత, వైద్యము అందక, ఆ నాళ్ళలో భారతదేశమున చైనాకంటె అధికముగ సంభవించుచుండిన మరణములను కూడినచో, ప్రతి ఎనిమిదేండ్లకొకమారు ఆ చైనా మహాక్షామమంతటి సంఖ్య తేలుచుండెను. పెద్ద కరువు పత్రికలో మొదటి పుటకెక్కును, పస్తు ఎక్కదు. మన స్వాతంత్ర్యము కేకను విన్నది గాని మూలుగును వినలేదు. ఈ లెక్క చదివిననాడు మన ప్రజాస్వామ్యమును గూర్చి నాకు గల గర్వము చాలవరకు అణగినది.

2001లో రాజస్థానమున కరువు తాండవించుచుండగా, ప్రభుత్వపు గోదాములలో 4 కోట్ల టన్నులకు పైబడి ధాన్యము నిలువయుండి, కొంత ఆరుబయట తడిసి పాడగుచుండెను. ఇది ధరచే వచ్చినదా, ప్రణాళికచే వచ్చినదా అని అడిగినచో, రెంటి దోషములును ఇందు కలిసినవని చెప్పవలయును. కొనుటకు పేదవానికి సొమ్ము లేదు. పంచుటకు అధికారికి ఆజ్ఞ లేదు. అప్పుడు ఒక పౌరహక్కుల సంఘము సుప్రీంకోర్టును ఆశ్రయించెను. ఆ న్యాయస్థానపు ఆజ్ఞలచేత పాఠశాలలలో వండిన మధ్యాహ్నభోజనము దేశమంతట తప్పనిసరియైనది. 2013లో ఆహారభద్రతా శాసనము వచ్చి, అర్హుడైన ప్రతి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును దయ గాక హక్కుగ నిర్ణయించెను. మార్క్స్ కోరినదియు స్మిత్ కోరినదియు ఇది కాదు. కాని వారి అనుచరులు తమ వ్యవస్థలలో చేయలేకపోయిన పనిని, కోర్టుమెట్లెక్కిన కొందరు సామాన్యులు కొంతవరకు చేయించిరి.

హక్కు కాగితముపై ఉన్నంతమాత్రాన బియ్యము సంచిలోనికి రాదు. పేరు పట్టికలో ఉండవలెను, దుకాణము తెరువవలెను, తూకము సరిగనుండవలెను, ముసలమ్మ వ్రేలిముద్ర దుకాణపు గుర్తింపు యంత్రమున పడవలెను. పొలములో అరిగిన వ్రేలిపై గీతలు లేక, ముద్ర పడక, వట్టి సంచితో మరలిపోవు వృద్ధులు నేటికిని కలరు. వారిని ధరయు చూడదు, ప్రణాళికయు చూడదు, ఊరివారైనను చూడవలయును.

ఈ ధర్మనిధి ఫలము ననుభవించు విద్యార్థులకు నా మనవి ఒక్కటి. రెండు వ్యవస్థలలో ఏది గొప్పదియని వాదించుటకు మీకు గ్రంథాలయమున కావలసినన్ని పుస్తకములు కలవు; వానిని చదువుడు. దానితోపాటు మీ ఊరి చౌకధరల దుకాణమున ఈ సంవత్సరము ఎవరి పేర్లు పట్టికనుండి తొలగినవో, ఎందుచేత తొలగినవో, తొలగినవారు ఏమి తినుచున్నారో ఇంటింట విచారించి వ్రాయుడు. వ్రాసినదానిని తహశీల్దారునకు పంపుడు, పత్రికలకు పంపుడు. ఒక ప్రతిని ఈ కళాశాల అర్థశాస్త్ర శాఖకు ఇండు. వచ్చు సంవత్సరము ఈ వేదికపై మాటాడువారు ఆ పత్రములను ముందుంచుకొని మాటాడవలెనని ధర్మకర్తలను ప్రార్థించుచున్నాను.